రెండు కాగితాల సందు: క్రౌన్, పినియన్ కూర్చోబెట్టే పని

దేవరకొండ నుంచి బత్తాయి లోడు తోలే పికప్ అది. వెనక ఇరుసులో ఉండే పెద్ద పళ్ల చక్రం, క్రౌన్, కొత్తది వేయించి నెల కూడా కాలేదు. స్పీడు అరవై దాటగానే వెనక నుంచి 'గూఁ...' అని ఒకటే మోత. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మోత ఆగుతుంది, తొక్కితే మళ్లీ మొదలు. డ్రైవర్ బండి దిగుతూనే మొదలుపెట్టాడు.

"కొత్త క్రౌనే గదన్నా, అసలు మాలే ఏపిచ్చిన. మళ్ల గిట్ల మొత్తుకుంటదేంది?"

ఉస్తాద్ చేతులు బనియన్ వేస్టుతో తుడుచుకుంటూ ఎదురు ప్రశ్న వేశాడు. "ఏసినోడు బ్లూ పూసి చూసిండా?"

డ్రైవర్‌కు ఆ మాటే కొత్త.

నేను డిప్లొమా చదివి ఆ షెడ్డులో మూడేళ్లు బేరింగులు కడిగినవాణ్ణి. జడ్చర్ల చౌరస్తాలో అటు బెంగళూరు హైవే, ఇటు కోదాడ నుంచి రాయచూరు పోయే దారి కలుస్తాయి. సిమెంటు లారీ, ఇసుక టిప్పర్, వడ్ల ట్రాలీ, పాత జీపు, ఏదో ఒకటి రోజూ వెనక ఇరుసు మోతతో వచ్చేది. అన్నిటికీ ఒకటే ఫిర్యాదు: "క్రౌన్ పోయింది." విప్పి చూస్తే చాలాసార్లు క్రౌన్ పోలేదు, దాన్ని కూర్చోబెట్టడం రాలేదు. లోహం మంచిదే, పళ్లు మంచివే. క్రౌన్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్, అది ఉండాల్సిన చోటుకు కాగితం మందం అటో ఇటో ఉంది. కంటికి ఆనని ఆ తేడా బండిని ఎందుకు అరిపిస్తుందో, దాన్ని ఎట్లా పట్టుకుంటారో చెప్పాలంటే ఇరుసు లోపలి నుంచి రావాలి.

ఎడ్లబండికి ఈ తిప్పలు లేవు. ఇరుసు కదలదు, చక్రాలు దేనికది తిరుగుతాయి. బండి మలుపు తిరిగితే లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం జోరుగా పోతుంది. లాగేవి ఎద్దులు కాబట్టి చక్రాన్ని తిప్పే పని ఎవరికీ లేదు. ఇంజన్ వచ్చి చక్రాలనే తిప్పడం మొదలుపెట్టాక చిక్కు పడింది. రెండు చక్రాలకూ బలం అందాలి, మలుపులో రెండూ వేరువేరు వేగాలతో తిరగాలి. ఫ్రాన్సుకు చెందిన ఒనెసిఫోర్ పెక్యూర్ 1820ల చివర్లోనే ఆవిరి బండి కోసం ఈ ముడి విప్పాడు. ఆయన చెప్పిన డిఫరెన్షియలే మన బండ్లలో స్టార్ పినియన్లు, సన్ గేర్ల రూపంలో ఇవాళ్టికీ తిరుగుతోంది. వాటి జోలికి ఇక్కడ పోను. వాటిని మోసే పెద్ద చక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. మన కథ ఈ రెండింటిదే.

గేరుబాక్సు నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ బండి పొడవునా తిరుగుతుంది, ఇరుసు అడ్డంగా తిరగాలి. ఆ మలుపు తిప్పేది ఈ జతే. వేగం తగ్గించి బలం పెంచేదీ ఇదే. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 7 పళ్లు ఉన్నాయనుకుందాం. పినియన్ 5.86 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పాత డీజిల్ జీపుల్లో 43కి 8 జతలు కనిపించేవి. ఈ అంకెల్లో ఒక తెలివి ఉంది. 41ని 7 నిశ్శేషంగా భాగించదు. అందుకని పినియన్‌లోని ఒక పన్ను, క్రౌన్‌లోని 41 పళ్లనూ వరసగా పలకరించాకే మొదటిదాని దగ్గరికి తిరిగి వస్తుంది. అరుగుదల అందరికీ సమానంగా పంచుకుంటాయి. అదే 40కి 8 పెడితే పినియన్‌లోని ఒక్కో పన్ను ఎప్పటికీ అవే ఐదు పళ్లను కొరుకుతూ ఉంటుంది. అట్లాంటి జతలకు గుర్తులు కలిపి బిగించాల్సి వస్తుంది.

బలం ఎంతో చూడండి. ఇంజన్ 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చి, ఫస్టు గేరు దాన్ని ఐదింతలు చేస్తే పినియన్ దగ్గరికి 1250 వస్తుంది. పినియన్ వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు అనుకుంటే పళ్ల మీద పడే తోపుడు 25,000 న్యూటన్లు. సుమారు 25 క్వింటాళ్ల వడ్ల బరువు, ఒకటి రెండు పళ్ల మీద, వేలిగోరంత జాగాలో. ఆ తోపుడు క్రౌన్‌ను తిప్పి ఊరుకోదు, పినియన్‌ను, క్రౌన్‌ను ఒకదాని నుంచి ఒకటి దూరంగా నెడుతుంది కూడా.

ఇంకో చిక్కు, పినియన్ క్రౌన్‌కు సరిగ్గా నడిమధ్యన ఉండదు. కొంచెం కిందికి జరిగి ఉంటుంది. దీన్ని హైపాయిడ్ అంటారు. 1920ల మధ్యలో అమెరికాలో గ్లీసన్ సంస్థ ఈ రకం పళ్లు కోసే యంత్రాలు తెచ్చింది, ప్యాకర్డ్ కార్లు వాటిని ముందుగా వాడాయి. షాఫ్ట్ కిందికి దిగింది కాబట్టి కారు లోపలి నేల కిందికి దిగింది, పినియన్ లావై బలం పెరిగింది. దానికి చెల్లించే ధర జారుడు. మామూలు గేరు పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కువగా దొర్లుతాయి. హైపాయిడ్ పళ్లు దొర్లుతూనే పొడవునా రాసుకుంటూ జారుతాయి. మిరియాలగూడ మిల్లుల్లో వడ్లు పొట్టు తీసే రబ్బరు రోలర్లు తెలిసినవాళ్లకు ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది. రెండు రోలర్ల మధ్య సందు బిగిస్తే బియ్యం నూక అవుతుంది, వదిలితే వడ్లు వడ్లలాగే బయటికొస్తాయి. అక్కడ ఆపరేటర్ గింజ చూసి సందు దిద్దుకుంటాడు. ఇరుసులో అట్లా నడుస్తుండగా దిద్దే వీలు లేదు. మూత బిగించాక లోపల ఏముందో చెప్పేది మోత ఒక్కటే.

ముందుగా తెలుసుకోవాల్సింది, క్రౌన్, పినియన్ జతగా పుడతాయి. ఫ్యాక్టరీలో రెండింటినీ ఒకదానితో ఒకటి రుద్ది నునుపు చేస్తారు, రెండింటి మీదా ఒకే నంబర్ చెక్కుతారు. ఒక బండి క్రౌన్, ఇంకో బండి పినియన్ కలిపి "పళ్ల లెక్క సరిపోయింది గదా" అని బిగించేవాళ్లను చూశాను. అది పెళ్లికాదు, పంచాయితీ.

పినియన్ తల మీద ఇంకో అంకె కూడా ఉంటుంది. +4, −8, 0, ఇట్లా. చాలామంది దాన్ని బ్యాచ్ నంబర్ అనుకుని తుడిచేస్తారు. మొత్తం పనికి తాళంచెవి అదే. గీసిన కొలత ప్రకారం పినియన్ క్రౌన్ కేంద్రానికి ఎంత దూరంలో నిలబడాలో ఒక లెక్క ఉంటుంది. కోసి, కాల్చి, రుద్దాక ఏ రెండు పినియన్లూ అచ్చు గుద్దినట్టు ఒకటిగా రావు. ఫ్యాక్టరీ మిషను మీద ఏ దూరంలో బాగా నడిచిందో చూసి, అసలు లెక్కకు ఎంత తేడా ఉందో తల మీద రాస్తారు. కొన్ని కంపెనీలు నూరోవంతు మిల్లీమీటర్లలో, కొన్ని వెయ్యోవంతు అంగుళాల్లో. ప్లస్ అంటే ఇది కొంచెం దూరంగా నిలబడాలనే పినియన్, మైనస్ అంటే దగ్గరికి జరగాలనేది.

ఆ పికప్ డ్రైవర్ అదృష్టం, పాత జత సీటు కింద గోనెసంచిలో ఉంది, తుక్కుకు వేద్దామని పెట్టుకున్నాడు. ఉస్తాద్ పాత పినియన్‌ను డీజిల్‌లో కడిగి వెలుతురుకు పట్టాడు. తల మీద +4. ఇరుసు డొల్ల (హౌసింగ్) విప్పి కొత్తది తీస్తే దాని మీద −8. నూరోవంతు మిల్లీమీటర్లలో రాసే రకం అది. తేడా 12, అంటే 0.12 మిల్లీమీటర్. కొత్త పినియన్ అంత దగ్గరికి జరగాలి. కానీ దూరం దిద్దడానికి దాని కింద పెట్టే పల్చటి రేకు చక్రం, షిమ్ము, పాతదే ఉంది. వేసినవాడు పాతది తీశాడు, పాత షిమ్ము తుడిచాడు, కొత్తదానికి తొడిగాడు. పని అయిపోయింది. మోత అక్కడ పుట్టింది.

ఈ 0.12 అంటే ఎంత? జిరాక్సు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటర్. కాగితమంత తప్పు.

షిమ్ము విషయంలో ఇంకో గోతి ఉంది, జీపుల పని నేర్చుకుని లారీల మీదికి వచ్చినవాళ్లు అందులో తప్పక పడతారు. ఆ పికప్‌లో షిమ్ము పినియన్ తలకూ లోపలి బేరింగుకూ మధ్య పడుతుంది, పాత జీపుల్లో లోపలి బేరింగు కప్పు వెనక పడుతుంది. అక్కడ షిమ్ము పెంచితే పినియన్ క్రౌన్ వైపు జరుగుతుంది. పెద్ద లారీల్లో చాలావాటికి పినియన్ బేరింగులతో సహా విడిగా ఒక కేజ్‌లో ఉండి, ఆ కేజ్‌ను బయటి నుంచి బోల్టులతో బిగిస్తారు. షిమ్ములు ఆ కేజ్ అంచు కింద పడతాయి. అక్కడ షిమ్ము పెంచితే పినియన్ వెనక్కి, బయటికి వస్తుంది. ఒకే పని, ఒకే మాట, ఫలితం తలకిందులు. "షిమ్ము ఎక్కియ్" అనే ముందు ఏ బండిదో అడగాలి. ట్రాక్టర్ ఇంకో రకం. దాని పినియన్ గేరుబాక్సు చివర నుంచే పుట్టుకొస్తుంది, క్రౌన్ వెనక హౌసింగ్‌లోనే కూర్చుంటుంది, షిమ్ములు పక్క క్యారియర్ల కింద పడతాయి. దాన్ని విప్పాలంటే ట్రాక్టర్‌ను నడుం దగ్గర రెండు ముక్కలు చేయాల్సిందే.

పినియన్ లోతు కుదిరాక బేరింగుల బిగువు సంగతి. పినియన్‌ను రెండు కోను బేరింగులు పట్టుకుంటాయి. ఇందాక చెప్పిన 25 క్వింటాళ్ల తోపుడుకు పినియన్ ముందుకూ వెనక్కూ కదలకుండా ఉండాలంటే బేరింగులు వదులుగా ఉండకూడదు, 'సరిగ్గా' ఉన్నా చాలదు, కొంచెం బిగుసుకుని ఉండాలి. దీన్ని ప్రీలోడ్ అంటారు. ఎంత బిగువు? చిన్న బండ్లలో కొత్త బేరింగులతో, ఆయిల్ సీల్ లేకుండా తిప్పితే సుమారు 1.5 నుంచి 3 న్యూటన్ మీటర్ల అడ్డు రావాలి. పాత బేరింగులే వాడితే దాదాపు అందులో సగం. బండికి బండికి మారుతుంది, ఆ బండి మాన్యువల్లో ఉన్నదే అసలు లెక్క.

ఇంత చిన్న టార్క్ చూపే రెంచి మా షెడ్డులో లేదు. ఉస్తాద్ దగ్గర ఒక స్ప్రింగ్ కాటా ఉంది, చేపలు తూచేవాళ్ల దగ్గర ఉండే లాంటిది. షాఫ్ట్ వచ్చి బిగిసే పినియన్ ఫ్లాంజ్ చుట్టూ ట్వైన్ దారం నాలుగు చుట్లు చుట్టి, కొసకు కాటా తగిలించి, నిదానంగా లాగుతాడు. ఫ్లాంజ్ వ్యాసార్ధం 5 సెంటీమీటర్లయితే 2 న్యూటన్ మీటర్లకు కాటా నాలుగు కిలోలు చూపాలి. కదలడం మొదలైనప్పటి అంకె కాదు, తిరుగుతున్నప్పుడు నిలకడగా చూపే అంకె తీసుకోవాలి. "కదిలిచ్చేటప్పుడు అందరికీ బరువే ఉంటది, చూడాల్సింది నడిచేటప్పుడు" అనేవాడు. డబ్బు పెట్టి కొన్న రెంచికి, ఈ దారానికి ఫలితంలో పెద్ద తేడా నేను చూడలేదు.

చిన్న బండ్లలో చాలావాటికి ఈ బిగువును ఒక స్లీవ్ నిలబెడుతుంది. రెండు బేరింగుల మధ్య ఉండే ఉబ్బిన గొట్టం అది. పినియన్ నట్టు బిగిస్తే నలుగుతుంది. నలగడం మొదలుపెట్టడానికే వందల న్యూటన్ మీటర్ల బలం కావాలి, మీటరు పైపు రెంచికి తొడిగి ఇద్దరు తూగాలి. నలగడం మొదలయ్యాక మాత్రం వ్యవహారం సున్నితం. నట్టు పది డిగ్రీలు తిరిగితే బిగువు ఎక్కడికో పోతుంది. కొంచెం తిప్పి, కాటా చూసి, ఇంకొంచెం తిప్పి, మళ్లీ చూసి వెళ్లాలి. ఒకవేళ హద్దు దాటిందా? ఇక్కడే మన మెకానిక్కుల నూటికి తొంభై తప్పులు. నట్టును పావు చుట్టు వెనక్కి వదిలి "ఇప్పుడు ఫ్రీ అయింది" అంటారు. నలిగిన స్లీవ్ మళ్లీ పొడుగవదు. నట్టు వదిలితే బేరింగులను పట్టుకునేవాడు లేడు. పినియన్ ఊగుతుంది, నెల తిరక్కుండా బేరింగు పిండి అవుతుంది. హద్దు దాటితే స్లీవ్ పారేసి కొత్తది వేయాలి. స్లీవ్ ఖరీదు ఒక పూట కూలి కూడా ఉండదు, అయినా దాని దగ్గరే పిసినారితనం. లారీల్లో ఈ బాధ లేదు, గట్టి స్పేసర్ ఉంటుంది, మందం మార్చి బిగువు దిద్దుకోవచ్చు.

ఆ తర్వాత క్రౌన్ వంతు. బోల్టులు ఎదురెదురుగా మెల్లమెల్లగా బిగించాలి. కొన్ని బండ్లలో క్రౌన్ బోల్టులకు ఎడమ మర ఉంటుంది, తెలియక బలం చూపిస్తే తల తెగుతుంది. కూర్చునే ముఖం మీద చిన్న ఇసుక రేణువున్నా క్రౌన్ వంకరగా కూర్చుని, తిరిగేటప్పుడు ఊగుతుంది. బేరింగు క్యాపులను విప్పేటప్పుడే ఎడమదానికి ఒక చుక్క, కుడిదానికి రెండు చుక్కలు పంచ్‌తో కొట్టుకోవాలి. వాటిని హౌసింగ్‌తో కలిపి ఒకేసారి బోరింగ్ చేస్తారు, తారుమారైతే సరిపోవు.

ఇప్పుడు అందరికీ తెలిసిన 'ప్లే'. పినియన్‌ను కదలకుండా పట్టుకుని క్రౌన్‌ను అటూ ఇటూ ఊపితే పళ్ల మధ్య ఎంత సందు ఉందో డయల్ గేజీ చెబుతుంది. గేజీ మొన క్రౌన్ పన్ను బయటి కొన దగ్గర, పన్ను కదిలే దిక్కుకు నేరుగా ఆనాలి. వంకరగా ఆనితే తప్పు చూపిస్తుంది. పికప్, జీపు లాంటివాటిలో ఎక్కువగా 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్ దాకా అడుగుతారు. రెండు కాగితాల మందం. లారీలకు ఇంకొంచెం ఎక్కువ. క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల చూడాలి. ఒకచోట 0.15, ఇంకోచోట 0.25 వచ్చిందంటే క్రౌన్ ఊగుతోంది, వెనక ఏదో ఇరుక్కుంది.

ప్లే దిద్దడానికి క్రౌన్‌ను పక్కకు జరపాలి. లారీల్లో రెండు వైపులా గాడుల నట్లుంటాయి, ఒకటి వదిలినంత రెండోది బిగిస్తూ పోవాలి. ఇంకొన్నింటిలో పక్క షిమ్ములు. క్రౌన్ 0.10 జరిగితే ప్లే సుమారు 0.07 మారుతుంది, అడ్డంగా కాకుండా ఏటవాలుగా పళ్లు కలుస్తాయి కాబట్టి. జరపడం అయ్యాక రెండు వైపుల బేరింగులకూ బిగువు ఇవ్వాలి. ఆ బిగువు ఇస్తే ప్లే మళ్లీ కొంచెం మారుతుంది. పినియన్‌ను లోపలికి జరిపితే కూడా ప్లే తగ్గుతుంది. మన పని అల్లుకుపోయేది ఇక్కడే. పినియన్ లోతు, పినియన్ బిగువు, క్రౌన్ జాగా, పక్క బేరింగుల బిగువు. నాలుగింట్లో ఒకదాన్ని ముట్టుకుంటే ఇంకోటి కదులుతుంది. కుక్కి మంచం నవారు బిగించినట్టు, ఒకచోట లాగితే ఇంకోచోట వదులవుతుంది.

చాలా షెడ్లలో పని ప్లే దగ్గరే ఆగిపోతుంది. "ప్లే కరెక్టుగ పెట్టినం" అంటారు. నిజమే పెట్టి ఉంటారు. మన పికప్‌లో కూడా గేజీ పెడితే 0.18 చూపించింది. పుస్తకం చెప్పిన లెక్కే. పినియన్ కాగితం మందం దూరంగా ఉన్నా, క్రౌన్‌ను తగినంత దగ్గరికి జరిపితే ప్లే సరిపోతుంది. పళ్ల మధ్య సందు ఎంతో ప్లే చెబుతుంది, పళ్లు ఎక్కడ ఆనుతున్నాయో చెప్పదు. ఆ రెండోది చెప్పేది నీలం ఒక్కటే.

మార్కింగ్ బ్లూ ట్యూబులో దొరుకుతుంది. చీకటి షెడ్లలో పసుపు పేస్టు ఇంకా బాగా కనిపిస్తుంది. క్రౌన్ మీద మూడు చోట్ల, చోటుకు నాలుగైదు పళ్లకు, తలకు కొబ్బరినూనె రాసినంత పల్చగా పూయాలి. మందంగా పూస్తే గుర్తు అబద్ధం చెబుతుంది. తర్వాత పినియన్ ఫ్లాంజ్‌కు బట్ట చుట్టి ఒకరు గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు క్రౌన్‌ను ముందుకు కొన్ని చుట్లు, వెనక్కి కొన్ని చుట్లు తిప్పాలి. పట్టు లేకుండా తిప్పితే పళ్లు ముద్దాడి వదిలేస్తాయి, గుర్తు పడదు. ఆనిన చోట నీలం తుడుచుకుపోయి లోహం మెరుస్తుంది. ఆ మెరిసే మచ్చే గుర్తు.

పన్నుకు రెండు ముఖాలు. ఉబ్బెత్తుగా ఉన్నది బండి లాగేటప్పుడు బలం పడే ముఖం, లాగుడు వైపు అందాం. గుంటగా ఉన్నది కాలు తీసినప్పుడు, వాలు దిగేటప్పుడు ఇంజన్ బండిని పట్టి ఆపుతుంటే పనిచేసే ముఖం. ఒక్కో ముఖం మీద మచ్చ ఎంత ఎత్తులో ఉంది, ఏ కొన వైపు ఉందన్నది చూడాలి. పన్ను తలకు, మొదలుకు నడుమ మచ్చ పడాలి. పొడవులో మధ్యన, లేదా ఒక పిసరు లోపలి చిన్న కొన వైపు ఉంటే ఇంకా మంచిది. చేత్తో తిప్పినప్పటి మచ్చ, లోడు పడ్డాక బయటి కొన వైపు పాకుతుంది. టిప్పర్‌కు చేత్తోనే బయటి కొన దాకా మచ్చ పడేట్టు పెడితే, ఇసుక నిండాక పన్ను చివర మీదే బరువంతా పడి చిట్లుతుంది.

మచ్చ పన్ను తల మీదికి ఎక్కిందంటే పినియన్ దూరంగా ఉంది. పన్ను మొదట్లోకి దిగిందంటే మరీ లోపలికి వచ్చింది. ఎత్తు సంగతి పినియన్‌దని గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. కొనల సంగతిలో క్రౌన్ మాట ఎక్కువ చెల్లుతుంది. ప్లే తగ్గిస్తే మచ్చ లోపలి కొన వైపు, పెంచితే బయటి కొన వైపు పోతుంది. పినియన్ కదిలినప్పుడు కూడా కొనల వైపు కదలిక ఉంటుంది, కానీ రెండు ముఖాల మీదా ఎదురెదురుగా. పినియన్ లోపలికి పోతే లాగుడు వైపు మచ్చ లోపలి కొనకు, రెండో వైపు మచ్చ బయటి కొనకు జరుగుతుంది. రెండు ముఖాల మచ్చలూ వేరువేరు దిక్కులకు పారిపోతుంటే క్రౌన్‌ను జరుపుతూ కూర్చోవడం దండగ, పినియన్ లోతు తప్పిందని అర్థం. ఈ ఒక్క సంగతి నాకు తలకెక్కడానికి ఆరు నెలలు పట్టింది.

దిద్దేటప్పుడు భయపడి 0.02, 0.03 చొప్పున షిమ్ము మారిస్తే తెల్లారిపోతుంది. మొదట 0.10 మార్చి మచ్చ ఎటు దూకిందో చూడాలి. హద్దు దాటితే సగం వెనక్కి రావాలి. ఒక్కోసారి నాలుగైదు సార్లు పినియన్ దించి ఎక్కించాలి, ప్రతిసారీ ప్రెస్సు బేరింగును పుల్లర్‌తో పీకితే బేరింగే పోతుంది. దానికో ఉపాయం ఉంది. పాత బేరింగు లోపలి రంధ్రాన్ని ఎమెరీతో రుద్ది, చేత్తో జారేంత వదులు చేసి పెట్టుకుంటారు. కొలతలన్నీ దానితో చూసుకుని, షిమ్ము తేలాక కొత్త బేరింగు ప్రెస్సు చేస్తారు. మా షెడ్డు గోడకు మేకులకు వేలాడుతుండేవి అవి, సైజుకొకటి, దండలోని పూసల్లా.

నడిచిన పాత జతకు బ్లూ పూసి కొత్త జత మచ్చ వెతకకూడదు. పళ్లు అరిగిన చోటే ఆనుతాయి, అందమైన మచ్చ రాదు. బేరింగు మార్చడానికి విప్పితే, విప్పకముందు ఉన్న ప్లే, ఉన్న షిమ్ము ఎంతో రాసుకుని తిరిగి అక్కడే కూర్చోబెట్టాలి. అలవాటైన పళ్లను కొత్తచోట కూర్చోబెడితే నిశ్శబ్దంగా ఉన్న బండి కూడా అరుపు మొదలుపెడుతుంది.

మోత ఎందుకొస్తుందంటే, లెక్క వేద్దాం. లారీ టైరు చుట్టుకొలత సుమారు 3.2 మీటర్లు. అరవై స్పీడులో చక్రం నిమిషానికి 312 చుట్లు, 41కి 7 జతలో పినియన్ 1830 చుట్లు, సెకనుకు ముప్ఫై. ఏడు పళ్లతో గుణిస్తే సెకనుకు 210కి పైగా పళ్లు తాకుతాయి. ప్రతి తాకిడిలో ఒకే చిన్న తప్పు ఉంటే అది స్వరంగా వినిపిస్తుంది, తంబూర తీగలాగా. స్పీడు పెరిగితే స్వరం పెరుగుతుంది. అందుకే పళ్ల మోతకు శ్రుతి ఉంటుంది. బేరింగు పోయిన మోతకు శ్రుతి ఉండదు, గరగర. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా పెద్దగా మారదు. తొక్కినప్పుడే అరిస్తే లాగుడు వైపు, వదిలినప్పుడే అరిస్తే రెండో వైపు. రెండో వైపు తప్పును మన మైదానంలో పట్టుకోవడం కష్టం. శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటి కృష్ణ వైపు దిగే ఘాట్‌లో గేరులో వదిలితే అది ఖచ్చితంగా బయటపడుతుంది. మలుపులోనే చప్పుడు వస్తే క్రౌన్‌ను తిట్టకండి, స్టార్ పినియన్లు చూడండి. గేరు వేయగానే 'టక్' మంటే ముందుగా షాఫ్ట్ కీళ్లలోని క్రాసులు పట్టుకుని ఊపండి. క్రాసు పోయిన బండికి క్రౌన్ మార్చిన సందర్భాలు ఒకటి కాదు.

ఆయిల్ గురించి రెండు ముక్కలు. హైపాయిడ్ పళ్లు జారుతూ రాసుకుంటాయి కాబట్టి మామూలు నూనె పొర తెగిపోతుంది. గంధకం, భాస్వరం మందులు కలిపిన జీఎల్-5 రకం కావాలి. ఆ ఘాటు వాసన వాటిదే. గేరుబాక్సుకు తెచ్చిన డబ్బాలో మిగిలింది ఇందులో పోయకూడదు, ఇందులోది అక్కడా పోయకూడదు. సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, మిరియాలగూడ వైపు కరిగెట దున్నిన ట్రాక్టర్ల ఆయిల్ విప్పితే ఒక్కోసారి పాలు ఎక్కువైన టీ రంగులో వస్తుంది. బురదలో సీల్ నుంచి నీళ్లు పోయాయన్నమాట. ఆ టీలో నడిచిన పళ్లకు ఎంత బాగా మచ్చ కుదిర్చినా లాభం లేదు.

పికప్ దగ్గరికి వస్తే, బ్లూ పూసి తిప్పగానే మచ్చ పన్ను తల అంచున సన్నటి గీతగా పడింది. డ్రైవర్‌ను పిలిచి చూపించాం. ఉస్తాద్ 0.12 షిమ్ము పెంచాడు, ప్లే తగ్గింది, క్రౌన్‌ను వెనక్కి జరిపాడు, మళ్లీ బ్లూ. మూడోసారికి మచ్చ నడుమకు వచ్చింది. కొత్త స్లీవ్, కాటా, దారం. మధ్యాహ్నం మొదలైన పని రాత్రి తొమ్మిదికి తేలింది. ఈ పనికి కూలి 'క్రౌన్ బిగింపు' కిందే కడతారు, మూడుసార్లు విప్పి బిగించినా అదే, ఒక్కసారి బిగించినా అదే. పాత షిమ్ము తుడిచి తొడిగేవాళ్లు ఎందుకు తగ్గరో అక్కడే ఉంది.

మోత పూర్తిగా పోలేదు. నెల రోజులు తల అంచున రాసుకున్న పళ్ల మీద సన్నటి మెరుపు పడిపోయింది, అది తుడిస్తే పోయేది కాదు. మునుపటి అరుపు పోయి, డెబ్బై దగ్గర చెవి పెట్టి వింటే ఒక గుసగుస మిగిలింది. ఉస్తాద్ దాచలేదు, చెప్పాడు. "గింతనే మిగిలింది. ఇప్పుడు ఖాళీగ పాతిక కిలోమీటర్లు నడిపి బండి ఆపు, హౌసింగ్ చేతికి చల్లగయ్యేదాంక కదల్చకు. ఐదు వందల కిలోమీటర్లు సగం లోడే. ఎనిమిది వందలకు ఆయిల్ మార్చి, పాత ఆయిల్ నాకు తెచ్చి చూపియ్."

"రేపు తోట కోత ఉందన్నా, సగం లోడంటే సేటు ఒప్పుకోడు."

"సేటుకు నీ ఫోన్ ఇయ్యి, నేను మాట్లాడ్త."

ఫోన్ ఇచ్చాడు. పాత పినియన్ మాత్రం గోనెసంచిలో వేసుకోలేదు. తల మీద +4 ఉన్న వైపు పైకి పెట్టి, డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని పోయాడు.